అన్నం నంజుకుని కూర తినడం

"అన్నం మానేస్తే బరువు తగ్గుతామాండీ?" మా మెడికల్ షాపు కౌంటర్ దగ్గర ఈ ప్రశ్న వినపడని వారం ఉండదు. అడిగేది ఎక్కువగా నలభై దాటినవాళ్లు, షుగర్ బోర్డర్‌లో ఉంది బరువు తగ్గమని డాక్టరు చెబితే చీటీ పట్టుకుని నేరుగా నా దగ్గరికి వచ్చేవాళ్లు, ఎందుకంటే డాక్టరు దగ్గర వెనక ఇంకో ముప్పై మంది కూర్చుని ఉంటారు, ఏం తినాలి ఏం మానాలి అని అడగడానికి మొహమాటం. నేను డాక్టర్ని కాదు. బీఫార్మసీ చదివి విజయనగరంలో షాపు పెట్టుకున్నవాణ్ణి. కాకపోతే ఈ తక్కువ పిండిపదార్థాల తిండి, అదే లో కార్బ్ అంటున్నారు కదా, ఏడాది పైనుంచి నేనే తింటున్నాను. పొట్ట తగ్గింది, బీరువా అడుగున పడేసిన ప్యాంట్లు మళ్లీ పడుతున్నాయి. కౌంటర్ మీద రెండు నిమిషాల్లో చెప్పలేనిది ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా. ముందు ఆ ప్రశ్నకి సమాధానం చెప్పేస్తాను: తగ్గుతారు, కానీ అన్నం పూర్తిగా మానేయక్కర్లేదు, మానేసి దాని బదులు ఏం తింటున్నారన్న దగ్గరే అసలు గొడవంతా ఉంది.

మామూలుగా మన రోజు ఎలా ఉంటుందో ఒకసారి లెక్కేసి చూడండి. పొద్దున్న నాలుగు ఇడ్లీలు, అటూ ఇటూగా నలభై గ్రాముల కార్బోహైడ్రేట్. పదకొండు గంటలకి పంచదార టీ, రెండు బిస్కెట్లు. మధ్యాహ్నం అన్నం. వండిన అన్నం వంద గ్రాములు తూస్తే అందులో 28 గ్రాముల దాకా పిండిపదార్థమే. మనం పప్పుతో ఒకసారి, కూరతో ఒకసారి, చారుతో ఒకసారి, ఆఖర్న పెరుగుతో ఒకసారి కలుపుకుంటాం, అంతా కలిపితే మూడు వందల యాభై గ్రాములు తేలిగ్గా దాటుతుంది, అంటే ఆ ఒక్క పూటకే వంద గ్రాముల కార్బ్. సాయంత్రం ఇంకో టీ, పక్కన బజ్జీలో పునుగులో. రాత్రి మళ్లీ అన్నం. రోజు మొత్తానికి మూడు వందల గ్రాములు. గ్రాముకి 4 కేలరీల చొప్పున 1200 కేలరీలు ఒక్క పిండి, పంచదారల నుంచే. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశమంతా చేసిన సర్వేలో మనవాళ్లు తినే కేలరీల్లో దాదాపు 62 శాతం కార్బోహైడ్రేట్లవే అని తేలింది, కాబట్టి ఇది మీ ఇంట్లోనో మా ఇంట్లోనో ఉన్న సమస్య కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, బియ్యం, గోధుమలు, చిరుధాన్యాలు అన్నీ కలిపి మొత్తం కేలరీల్లో 45 శాతం దాటకుండా చూసుకోమని చెప్పింది. అంటే ప్రభుత్వం లెక్క ప్రకారం చూసినా మన కంచంలో అన్నం ఎక్కువే.

"మా తాతలూ ఇదే తిన్నారు, ఏమైంది వాళ్లకి?" అంటారు. నిజమే, ఇంతకంటే ఎక్కువే తిన్నారు. మా తాత తెల్లారకముందే చద్దన్నం తిని పొలం వెళ్తే ఎండ నెత్తికెక్కాక వచ్చేవాడు, దుక్కి దున్నినా, నాట్లేసినా, కోతలకి వెళ్లినా తిన్నదంతా అక్కడే కరిగిపోయేది. నేను పొద్దున్న తొమ్మిది నుంచి రాత్రి పది దాకా కౌంటర్ వెనక కుర్చీలో ఉంటాను. లేచి నడిచేది అల్మారా దాకా. ఆయన తిండి నాకెందుకు?

ఇక బదులు సంగతి. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడుతున్నారు. రాత్రి అన్నం మానేశానండీ, నాలుగు చపాతీలే తింటున్నా అంటారు గర్వంగా. ఒక్కో చపాతీకి ముప్పై గ్రాముల గోధుమపిండి అనుకుంటే ఇరవై గ్రాముల కార్బ్, నాలుగింటికి ఎనభై, దానికీ పెద్ద గిన్నెడు అన్నానికీ తేడా ఏమీ లేదు. ఆ చపాతీల్లోకి బంగాళాదుంప కూర చేసుకుంటే ఇంకేం చెప్పాలి. మరికొందరు మన చోడి అంబలికి, అదే రాగి అంబలికి, మారతారు. చోళ్లు మంచివే, వంద గ్రాముల్లో మూడు వందల మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంటుంది, బియ్యంలో అది లేనట్టే, పీచు కూడా చాలా ఎక్కువ. కానీ వంద గ్రాముల చోడిపిండిలో 65 నుంచి 70 గ్రాముల పిండిపదార్థం ఉంది, బియ్యంలో 78 దాకా ఉంటుంది. కొర్రలు, సామలు, ఊదలు కూడా అరవై పైమాటే. దంపుడు బియ్యం మామూలు బియ్యానికి అన్నదమ్ముడే. ఇవన్నీ ఆరోగ్యానికి మంచివి, షుగర్ కాస్త నెమ్మదిగా పెరుగుతుంది, త్వరగా ఆకలి వేయదు, అదంతా ఒప్పుకుంటాను. కానీ కంచంలో అన్నం కొండ తీసేసి అక్కడ కొర్రన్నం కొండ పెడితే అది లో కార్బ్ అవ్వదు. మారాల్సింది గింజ కాదు, కొండ.

ఇంతకీ పిండి తగ్గిస్తే బరువు ఎందుకు తగ్గుతుంది? ఒంట్లో జరిగేది సింపుల్‌గా చెబితే ఇది. అన్నమైనా, చపాతీ అయినా, బెల్లమైనా చివరికి గ్లూకోజ్‌గా మారి రక్తంలోకి వస్తుంది. రక్తంలో గ్లూకోజ్ పెరిగితే క్లోమం ఇన్సులిన్ వదులుతుంది. ఆ ఇన్సులిన్ గ్లూకోజ్‌ని కండరాల్లోకీ కాలేయంలోకీ పంపిస్తుంది, అదే సమయంలో కొవ్వు కరగడాన్ని ఆపి పెడుతుంది. కాలేయంలో వంద గ్రాములు, కండరాల్లో నాలుగు వందల గ్రాముల దాకా గ్లూకోజ్ గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది. వాడకానికి బయట పెట్టుకున్న బస్తా ఖాళీ అయితేనే కదా గాదె తెరిచేది, ఒళ్లూ అంతే, మూడు పూటలా బస్తా నింపుతూ పోతే గాదెలో ఉన్న కొవ్వు జోలికి వెళ్లే అవసరం రాదు. పిండి తగ్గిస్తే ఇన్సులిన్ కిందికి దిగుతుంది, నిల్వ కొవ్వు వాడకంలోకి వస్తుంది. ఇంకోటి, నాకైతే ఇదే పెద్ద కారణం అనిపిస్తుంది: గుడ్లు, చేపలు, పెరుగు లాంటి ప్రొటీన్ తిండి తింటే కడుపు నిండినట్టు చాలాసేపు ఉంటుంది, మనకి తెలియకుండానే మొత్తం తిండి తగ్గుతుంది. మొత్తం కేలరీలు తగ్గకుండా బరువు తగ్గించే మంత్రం లో కార్బ్‌లోనూ లేదు. అన్నం మానేసి రోజూ పావుకిలో జీడిపప్పు నములుతుంటే ఏ ఇన్సులిన్ సిద్ధాంతమూ కాపాడదు.

మొదటి వారంలో రెండు కిలోలు తగ్గారనుకోండి, సంబరపడకండి. గ్లైకోజెన్ ఒక్కో గ్రాము తనతో పాటు మూడు గ్రాముల నీళ్లని పట్టుకుని ఉంటుంది, అది ఖర్చవుతుంటే ఆ నీళ్లు బయటికి పోతాయి. అందుకే మొదట్లో అంత జోరు. ఆ తర్వాత వారానికి అరకిలో తగ్గితే చాలా బాగా జరుగుతున్నట్టు లెక్క. సరిగ్గా ఈ రెండో వారంలోనే జనం "ఇది పనిచెయ్యట్లేదు" అని వదిలేస్తారు, ఒక పెళ్లి భోజనం చేసి వచ్చి మర్నాడు కిలోన్నర పెరిగామని ఏడుస్తారు. అదీ నీళ్లే.

మన తెలుగువాళ్లకి ఈ తిండి విషయంలో ఇంత గందరగోళం ఎందుకంటే వినేవి మూడు రకాలు. మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పూ నూనే లేకుండా తినమన్నారు. ఖాదర్ వలీ గారు సిరిధాన్యాలు తినమన్నారు. వీరమాచినేని రామకృష్ణ గారు గింజలన్నీ ఆపి కొబ్బరినూనె తాగమన్నారు. మా వీధిలోనే ఈ మూడూ పాటించినవాళ్లు ఉన్నారు, కొందరైతే మూడూ వరసగా. వీటిలో కొబ్బరినూనె దారి కీటో కిందికి వస్తుంది. కీటో అంటే రోజుకి 50 గ్రాముల కంటే తక్కువ కార్బ్, చాలామంది 20 దగ్గరే ఆపుతారు, అప్పుడు కాలేయం కొవ్వు నుంచి కీటోన్లు తయారుచేసి మెదడుకి ఇంధనంగా ఇస్తుంది. ఇది బరువు కోసం పుట్టింది కాదు. మూర్ఛ జబ్బు కోసం 1921లో అమెరికాలో మేయో క్లినిక్ డాక్టర్లు మొదలుపెట్టిన వైద్యం అది, మందులకి లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకి ఇప్పటికీ వాడుతున్నారు. మామూలు లో కార్బ్ అంత కఠినం కాదు. రోజుకి 130 గ్రాముల లోపు ఉంటే దాన్ని లో కార్బ్ అనొచ్చు. నేను రాసేది ఈ రెండోదాని గురించే, ఎందుకంటే 20 గ్రాములంటే పప్పు వద్దు, పెరుగు లెక్కపెట్టి తినాలి, ఉల్లిపాయ కూడా చూసి వేసుకోవాలి. ఉమ్మడి వంటింట్లో అది నెల కూడా నిలవదు, ఇది నా అభిప్రాయం, నిలబెట్టుకున్నవాళ్లుంటే దండం పెడతాను.

లో కార్బే గొప్పదా అంటే, అలా కూడా కాదు. స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ వాళ్లు 609 మందిని రెండు గుంపులు చేసి ఒక గుంపుకి కొవ్వు తగ్గించమన్నారు, ఇంకో గుంపుకి పిండిపదార్థాలు తగ్గించమన్నారు, ఏడాది పాటు చూశారు. కేలరీలు లెక్కపెట్టమనలేదు, ఇద్దరికీ పంచదార, మైదా తగ్గించి కూరగాయలు బాగా తినమని చెప్పారు. 2018లో వచ్చిన ఫలితం ఏమిటంటే, కొవ్వు తగ్గించినవాళ్లు సగటున 5.3 కిలోలు, పిండి తగ్గించినవాళ్లు 6 కిలోలు తగ్గారు, అది చెప్పుకోదగ్గ తేడా కాదు. అయితే మనం కొవ్వు తగ్గించే దారి ఎందుకు పట్టకూడదు అని అడగొచ్చు. పట్టొచ్చు. కానీ మన కంచంలో ఎక్కువైంది ఏది? 62 శాతం ఉన్న పిండిలోంచి తీయడం తేలికా, ఇరవై పాతిక శాతం ఉన్న కొవ్వులోంచి తీయడం తేలికా? నేను ఈ దారి పట్టింది అందుకే.

మొదలుపెట్టే ముందు మందుల సంగతి. ఇది మాత్రం దయచేసి దాటేసి చదవకండి. షుగర్ మాత్రలు వాడేవాళ్లు, ముఖ్యంగా గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివీ, ఇన్సులిన్ ఇంజెక్షన్లూ వాడేవాళ్లు, డాక్టరుకి చెప్పకుండా అన్నం సగానికి తగ్గించకూడదు. ఆ మాత్రలు మీరు అన్నం తిన్నా తినకపోయినా షుగర్ తగ్గిస్తాయి. తినే పిండి తగ్గి మాత్ర మోతాదు అలాగే ఉంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. ఒకాయన సరిగ్గా ఇలాగే, పొద్దున్న మాత్ర వేసుకుని టిఫిన్ బదులు రెండు గుడ్లు మాత్రమే తిని, మా షాపు మెట్ల మీద చెమటలు కక్కుతూ కూర్చుండిపోయారు, గ్లూకోజ్ కలిపి తాగిస్తే పావుగంటకి తేరుకున్నారు. అదే బండి నడుపుతూ వచ్చి ఉంటే? డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అని కొత్తరకం మాత్రలు ఇప్పుడు బాగా రాస్తున్నారు, మీ చీటీలో చివర 'గ్లిఫ్లోజిన్' అని ఉంటే అవే. ఇవి వాడుతూ పిండిపదార్థాలు బాగా తగ్గిస్తే రక్తంలో కీటోన్లు ప్రమాద స్థాయికి చేరవచ్చు, అదీ షుగర్ రీడింగ్ దాదాపు మామూలుగా ఉండగానే, కాబట్టి మీటర్ చూసి ధైర్యపడడానికి లేదు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఆస్పత్రికి పరిగెత్తాల్సిందే. బీపీ మాత్రలవాళ్లకి కూడా బరువు తగ్గేకొద్దీ బీపీ దిగి, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి, అప్పుడు మోతాదు మార్చాలి. ఆ మార్చే పని మీదీ కాదు నాదీ కాదు, డాక్టరుది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకి షుగర్ పడిపోయే భయం చాలా తక్కువ, అయినా చెప్పి మొదలుపెట్టడంలో పోయేదేమీ లేదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ ప్రయోగాలేవీ చేయకండి.

ఇక మన ప్రాంతంవాళ్లకి ప్రత్యేకంగా ఇంకో మాట. మా అత్తగారి ఊరు ఉద్దానం వైపు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఆ మండలాల్లో కిడ్నీ జబ్బు ఎంతమందిని తినేసిందో శ్రీకాకుళంవాళ్లకి చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయంటేనే పరిస్థితి అర్థమవుతుంది. అక్కడ షుగరూ బీపీ ఏమీ లేనివాళ్లకి కూడా కిడ్నీలు దెబ్బతింటున్నాయి, బాగా ముదిరేదాకా తెలియడం లేదు. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లకి ప్రొటీన్ పరిమితం చేస్తారు. లో కార్బ్ పేరుతో పూటకి నాలుగు గుడ్లు, అరకిలో చికెన్ మొదలుపెడితే వాళ్లకి చేటు. అందుకని ఆ వైపు పుట్టి పెరిగినవాళ్లు, ఇప్పుడు విశాఖలో ఉన్నా హైదరాబాద్‌లో ఉన్నా సరే, ముందు క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకోండి. మా బావమరిదికి నేను ముందు చేయించింది అదే. మిగతావాళ్లు కూడా క్రియాటినిన్‌తో పాటు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ పరీక్ష), యూరిక్ యాసిడ్ చేయించి ఆ కాగితం దాచుకోండి, తర్వాత పోల్చి చూసుకోవడానికి పనికొస్తుంది. బరువుతో పాటు బొడ్డు దగ్గర టేపు పెట్టి నడుము కూడా కొలవండి. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే మన దేశపు లెక్కల్లో ఎక్కువే.

సరే, తినడం ఎలాగ. మన అలవాటు కూర నంజుకుని అన్నం తినడం. దాన్ని తిరగేసి అన్నం నంజుకుని కూర తినాలి, నాకు తెలిసిన లో కార్బ్ అంతా ఇంతే. మొదటి వారం అన్నంలో ఏ మార్పూ చేయకండి, పంచదార ఒక్కటి తీసేయండి. టీలో, కాఫీలో, బిస్కెట్లు, కూల్‌డ్రింకులు, పండ్ల రసాలు. టీ మానక్కర్లేదు, పంచదార లేకుండా తాగండి, రెండు మూడు రోజులు నోటికి సహించదు, తర్వాత పంచదార టీయే వెగటుగా ఉంటుంది. బెల్లం టీ అంటారా, అనకాపల్లి బెల్లమైనా లోపలికి వెళ్లాక పంచదారే.

రెండో వారం పొద్దున్న టిఫిన్ మార్చండి. ఇడ్లీ, ఉప్మా, పూరీల బదులు ఒక పెసరట్టు, ఉప్మా లేకుండా, పక్కన రెండు గుడ్ల అట్టు. లేదా గుడ్లతో ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిర్చి వేసి పొరటు. గుడ్డుకి 6 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, కార్బ్ లేనట్టే. గుడ్డు తిననివాళ్లు పనీర్ తురిమి అలాగే పొరటు చేసుకోవచ్చు. అట్టుకి అల్లం పచ్చడి బదులు వేరుశనగ పచ్చడో కొబ్బరి పచ్చడో వేసుకోండి, అల్లం పచ్చడిలో బెల్లం దండిగా పడుతుంది మన ఇళ్లలో.

మధ్యాహ్నం కంచంలో ముందు కూరలు పెట్టుకోండి, అన్నం తర్వాత. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ మొత్తం ఆట ఇక్కడే ఉంది. కంచంలో సగం కూరలు: ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ, దొండకాయ, బెండకాయ, వంకాయ, కాకరకాయ, ఆకుకూరలు ఏవైనా. క్యాబేజీ, పనసపొట్టుకి ఆవ పెడితే అన్నం లేకుండానే గిన్నెడు తినేయొచ్చు, ఆ విషయంలో మన ఉత్తరాంధ్రవాళ్లం అదృష్టవంతులం. పావు భాగం చేపో, చికెనో, గుడ్డో, శాకాహారులైతే చిక్కటి పప్పు, పెరుగు, మీల్ మేకర్. మిగిలిన దాంట్లో అన్నం, చిన్న కప్పుతో ఒక్కసారి, 120 గ్రాములు అనుకోండి. కప్పుని కొలతగా పెట్టుకోండి, అన్నం వడ్డించే హస్తం (గరిటె) వద్దు, అమ్మలూ ఆవిడలూ వడ్డించే చేతికి కొలతలుండవు. పప్పులో కూడా పిండి ఉంది, ఉడికిన కప్పు పప్పులో ఇరవై గ్రాముల దాకా, అయినా ప్రొటీన్, పీచు ఉన్నాయి కాబట్టి మానొద్దు. కూరలు అలవాటు కంటే ఉప్పూ కారం తగ్గించి వండించుకోండి, అన్నంలో కలపడానికి సరిపోయే ఉప్పుతో చేసిన కూర ఉత్తిగా తింటే నోరు మండుతుంది. మా ఇంట్లో ఈ ఒక్క మార్పు సర్దుకోవడానికే చాలా రోజులు పట్టింది.

సాయంత్రం గుప్పెడు వేయించిన వేరుశనగ గుళ్లు, లేదా ఉడికించిన గుడ్డు. రాత్రి అన్నం, చపాతీ రెండూ లేకుండా: కూర, చేపల పులుసులో ముక్కలు, గుడ్ల అట్టు, కప్పు పెరుగు. పులుసులో చింతపండుకి భయపడక్కర్లేదు, బెల్లం వేయొద్దు చాలు. ఇలా తింటే రోజుకి 110, 120 గ్రాముల కార్బ్ అవుతుంది. ప్రొటీన్ మాత్రం, కిడ్నీలు బాగున్నవాళ్లు, కిలో బరువుకి ఒక గ్రాము అందేలా చూసుకోండి, అది అందకపోతే తగ్గే బరువులో కండ కూడా పోతుంది. రోజూ కోట చుట్టూ ఓ అరగంట నడక, వీలైతే గుంజీళ్లు. గుంజీళ్లే ముఖ్యం నా లెక్కలో.

కొన్ని రోజులు తలనొప్పి, నీరసం, విసుగు ఉంటాయి. ఇన్సులిన్ తగ్గగానే కిడ్నీలు ఉప్పుని, దానితో పాటు నీళ్లని ఎక్కువగా బయటికి పంపుతాయి, అదీ కారణం. ఉప్పు వేసిన మజ్జిగ, చారు తాగితే చాలావరకు సర్దుకుంటుంది. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఈ ఉప్పు చిట్కా పాటించొద్దు, అడిగి చేయండి. మలబద్ధకం అంటారా, ఎక్కువగా అన్నం తగ్గించి కూర పెంచనివాళ్లకే వస్తుంది.

లో కార్బ్ అని నమ్మి తినేవాటిలో కొన్ని దొంగలు ఉన్నాయి. మన పలాస జీడిపప్పు అందులో మొదటిది, వంద గ్రాముల్లో పాతిక నుంచి ముప్పై గ్రాముల కార్బ్ ఉంటుంది, వేరుశనగలో పదహారు, అందులో సగం పీచే. పైగా రెండింటిలోనూ వందకి 550 కేలరీల పైనే, అందుకే గుప్పెడు అన్నాను, పొట్లం అనలేదు. తేగలు, చిలగడదుంప, కంద, చేమదుంప పేరుకి దుంపలు, పనికి అన్నం. మామిడి, సీతాఫలం, పనస తొనలు సీజన్లో ఒక ముక్క తినండి, పూట భోజనంలా తినొద్దు. జామకాయ ఫరవాలేదు. పచ్చి కొబ్బరి మంచిది, కొబ్బరిబొండం నీళ్లలో మాత్రం చక్కెర ఉంటుంది. నూనె పెద్ద చెంచాడు అంటే 120 కేలరీలు, కీటో వీడియోలు చూసి నెయ్యి గిన్నెతో తాగకండి.

ఖర్చు గురించి ఎవరూ మాట్లాడరు, నేను మాట్లాడతాను. రేషన్ బియ్యం మనిషికి నెలకి అయిదు కిలోలు ఉచితంగా వస్తున్నప్పుడు, అన్నం తగ్గించి చేపలు తినమనడం చాలామందికి వెక్కిరింతలా వినపడుతుంది. చవకైన దారులు లేకపోలేదు. చేపల్లో కోనాం, వంజరం అక్కర్లేదు, కవ్వళ్లు, నెత్తళ్లు చాలు, కవ్వళ్లలో మంచి కొవ్వు కోనాంకి తీసిపోకుండా ఉంటుంది. గుడ్లు అట్టతో కొనండి. మీల్ మేకర్ ఎండుది వంద గ్రాముల్లో యాభై గ్రాముల దాకా ప్రొటీన్, దాని కంటే చవకైనది నాకు కనపడలేదు. ఎండుచేపలు కూడా మంచివే కానీ ఉప్పు, బీపీవాళ్లు వదిలేయండి.

ఇంట్లోవాళ్లతో వచ్చే పేచీ ఇంకా పెద్దది. "ఏట్రా, ఇంత కూడు తినకపోతే సత్తువ ఏటుంటాది" అని మా అమ్మ మొదట్లో రోజూ గొడవ. వాదించలేదు, కూర రెండోసారి అడిగి వేయించుకున్నా. కొడుకు ఆకలితో లేస్తున్నాడన్నదే వాళ్ల బాధ, కూర ఖాళీ అవుతుంటే ఆ బాధ పోతుంది. మా ఆవిడ ఇంకా తెలివైనది, నాకోసం వేరే వంట చెయ్యనని మొదటిరోజే చెప్పేసింది, కూరలు రెట్టింపు చేసి బియ్యం డబ్బాలో సోల తగ్గించింది, దాంతో ఆవిడ షుగర్ కూడా దారిలోకి వచ్చింది.

పండగలకి తినండి. సంక్రాంతి అరిసెలు, సిరిమాను పండక్కి వచ్చిన చుట్టాలతో భోజనాలు, కార్తీకమాసం వనభోజనాలు, ఇవి మానుకుని బరువు తగ్గి ఏం చేసుకుంటాం? మర్నాడు మళ్లీ మామూలు కంచం. కానీ విజయనగరంలో పెళ్లిళ్ల సీజన్ అంటే వారానికి మూడు భోజనాలు, అప్పుడు పులిహోర, బిరియానీ, స్వీటు, మూడింట్లో ఒకటే ఎంచుకోండి. మూడు నెలలకి రక్తపరీక్షలు మళ్లీ చేయించండి. సాధారణంగా రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు బాగా తగ్గుతుంది, కొందరికి మాత్రం ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, పెరుగుతుంది. అలా పెరిగితే నెయ్యి, కొబ్బరినూనె, వేటమాంసం తగ్గించి చేపలు, కూరలు పెంచి డాక్టరుకి రిపోర్టు చూపించండి. అనుకున్న బరువుకి వచ్చాక అన్నం ఇంకో అరకప్పు కలుపుకోవచ్చు, నడుము టేపు ఏం చెబుతోందో చూసుకుంటూ.

కీటో పొడి ఉందా, ఫ్యాట్ కరిగే టాబ్లెట్ ఉందా అని అడిగేవాళ్లకి మాత్రం నా దగ్గర ఏమీ లేవు. వెయ్యీ రెండు వేలూ పెట్టి కొనే ఆ డబ్బా ఖరీదుకి ఇంటిల్లిపాదికీ నెలకి సరిపడా గుడ్లు వస్తాయి. కమీషన్ బాగుంటుంది, పెట్టుకోండి అని సేల్స్‌మన్లు వచ్చి అడుగుతూనే ఉన్నారు, నేను పెట్టడం లేదు.